పింఛను సంస్కరణ – విశ్వవిద్యాలయ సిబ్బంది, యాజమాన్యాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• పాత పింఛనుకూ భాగస్వామ్య పింఛనుకూ ఉన్న మౌలిక భేదాన్ని వివరించగలుగుతారు.
• సంస్కరణ వల్ల ఉద్యోగికి, యాజమాన్యానికి కలిగే లాభనష్టాలను బేరీజు వేయగలుగుతారు.
• ఇరుపక్షాల వాదనల్లోని లోపాలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా బాసరలో ట్రిపుల్ ఐటీ కూడా ఆ ఏడాదే ప్రారంభమైంది. ఈ సంవత్సరాన్ని గుర్తుంచుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 సెప్టెంబర్ 1 నుంచి కొత్తగా నియమితులైన వారికి పాత పింఛనును రద్దుచేసి భాగస్వామ్య పింఛను పథకాన్ని (సి.పి.ఎస్.) అమలుచేసింది. కేంద్రం అంతకుముందే, 2004 జనవరి 1 నుంచి, ఈ మార్పు చేసింది. అంటే మన ప్రాంతపు ఈ రెండు సంస్థలూ సంస్కరణ తరువాత పుట్టినవే. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయంలో మాత్రం రెండు విధానాల వారూ పక్కపక్కనే పనిచేశారు.

విమర్శకుడు తన స్థానాన్ని ముందుగా చెప్పుకోవాలి. నేను పాత పింఛను తీసుకుంటున్నవాణ్ణి. అదే శాఖలో, అదే పాఠ్యప్రణాళిక బోధించిన నాకన్నా చిన్నవాడైన సహాధ్యాపకుడు సి.పి.ఎస్. పరిధిలో ఉన్నాడు. మా ఇద్దరి పనిలో తేడా లేదు. తేడా ఉన్నది చేరిన తేదీలోనే.

2. రెండు విధానాల స్వరూపం

పాత విధానంలో 33 సంవత్సరాల అర్హ సర్వీసుకు చివరి మూలవేతనంలో సగం పింఛనుగా వస్తుంది. దానిపై కరవు ఉపశమనం అదనం. ఉద్యోగి వాటా చెల్లించనక్కరలేదు.

సి.పి.ఎస్.లో ఉద్యోగి మూలవేతనం, కరవు భత్యం కలిపిన మొత్తంలో 10 శాతం చెల్లిస్తాడు. పథకం మొదలైనప్పుడు ప్రభుత్వ వాటా కూడా అంతే. కేంద్రం 2019 ఏప్రిల్ నుంచి తన ఉద్యోగుల విషయంలో దీన్ని 14 శాతానికి పెంచింది. పదవీ విరమణ నాటికి పోగైన నిధిలో కనీసం 40 శాతంతో బీమా సంస్థ నుంచి యాన్యుటీ కొనాలి. మిగిలింది ఒకేసారి తీసుకోవచ్చు. ఒక్క మాటలో, మొదటి దానిలో ఫలం నిర్ణీతం; రెండవ దానిలో చందా మాత్రమే నిర్ణీతం.

3. ఉద్యోగిపై ప్రభావం

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. చివరి మూలవేతనం లక్ష రూపాయలనుకోండి. 33 ఏళ్ల సర్వీసు ఉంటే పాత పింఛను 50,000. మరొకరికి సి.పి.ఎస్. నిధి 60 లక్షలు పోగైందనుకోండి. అందులో 24 లక్షలతో 6 శాతం యాన్యుటీ కొంటే నెలకు 12,000 వస్తుంది.

ఉద్యోగ సంఘాల సభల్లో ఈ రెండు అంకెలనే పక్కపక్కన పెడతారు. ఇది సరైన పోలిక కాదు. చేతికి వచ్చిన 36 లక్షలను కూడా 6 శాతానికి పెట్టుబడి పెడితే మరో 18,000 వస్తుంది. మొత్తం 30,000. పైగా అసలు మిగిలే ఉంటుంది.

విశ్వవిద్యాలయాల్లో మరో సంగతి ఉంది. పీహెచ్.డి. పూర్తిచేసి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి, 38వ ఏట కొలువులో చేరినవారు మనలో ఎందరో. 60 ఏళ్లకు విరమిస్తే వారి సర్వీసు 22 ఏళ్లే. వెయిటేజీని పక్కనపెడితే పాత విధానంలోనూ వారికి వచ్చేది సుమారు 33,333 మాత్రమే.

మరి అసలు నష్టం ఎక్కడ? ధరల పెరుగుదలలో. ఏటా 5 శాతం చొప్పున పెరిగితే 15 ఏళ్లలో ధరలు రెట్టింపు దాటుతాయి. అప్పుడు ఈ 30,000తో నేటి 15,000 విలువైన సరుకులు కూడా రావు. పాత పింఛనుదారుకు కరవు ఉపశమనం ఉంది, యాన్యుటీకి లేదు.

దీనికి రుజువు మన పొరుగునే ఉంది. గోదావరిఖని, మంచిర్యాల ప్రాంతాల్లోని సింగరేణి విశ్రాంత కార్మికులకు వర్తించే 1998 బొగ్గుగనుల పింఛను పథకం ఫలాన్ని నిర్ణయించినదే. అయినా దానిలో కరవు భత్యంతో ముడిపడిన పెంపు లేదు. కాబట్టి ‘నిర్ణీత పింఛను’ అన్న పేరొక్కటే రక్షణ కాదు. అది ధరలతోపాటు పెరగాలి.

4. తేదీ తెచ్చిన చిక్కు

2003 డి.ఎస్సీ. ద్వారా ఎంపికైన ఉపాధ్యాయులు, నియామకం ఆలస్యమై 2004 సెప్టెంబర్ తరువాత చేరినందున సి.పి.ఎస్.లో పడ్డారు. ఆలస్యం వారిది కాదు. ఇటువంటి చిక్కునే గుర్తించి కేంద్రం 2023 మార్చిలో, 2003 డిసెంబర్ 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకు పాత పింఛను ఎంచుకునే అవకాశం ఇచ్చింది. రాష్ట్రాల్లోనూ ఇదే న్యాయం కావాలని కోరడం సబబే.

ఇంతకన్నా పెద్ద చిక్కు కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులది. ఏళ్ల తరబడి తరగతులు నడిపినా ఆ కాలం పాత పింఛనుకూ లెక్కకు రాలేదు, సి.పి.ఎస్. ఖాతాలోనూ జమకాలేదు. పాత–కొత్త పింఛనుల వాదంలో వారి ఊసే వినిపించదు.

5. యాజమాన్యంపై ప్రభావం

పాత విశ్వవిద్యాలయాల్లో జీతాలు, పింఛన్లు రెండూ ప్రధానంగా రాష్ట్రం ఇచ్చే బ్లాక్ గ్రాంటు నుంచే చెల్లించాలి. గ్రాంటు చాలనప్పుడు కోత పడేది గ్రంథాలయానికి, ప్రయోగశాలకు, కొత్త నియామకాలకు. సంస్కరణను సమర్థించేవారి వాదనలో ఈ భాగం నిజం.

అయితే సంస్కరణ వెంటనే ఆదా చేయదు. పాతవారికి పింఛను చెల్లిస్తూనే కొత్తవారికి ప్రతినెలా వాటా జమచేయాలి. కొన్ని దశాబ్దాలు ఈ రెండు బరువులూ తప్పవు. పైగా వాటా జమ ఆలస్యమైతే, ఆ కాలపు రాబడి నష్టం ఉద్యోగిదే. పాత విధానంలో యాజమాన్యం ఆలస్యం చేస్తే పింఛను ఆలస్యమయ్యేది. కొత్త విధానంలో పింఛనే తగ్గుతుంది.

6. ఇతర అనుభవాలు

బ్రిటన్‌లో విశ్వవిద్యాలయ అధ్యాపకుల పింఛను నిధిని మార్కెట్ ఆధారితంగా మార్చే ప్రతిపాదనపై 2018లో 14 రోజుల సమ్మె జరిగింది. నిధిలో లోటు ఉందన్న అంచనాతో 2022లో ప్రయోజనాలు తగ్గించారు. తరువాతి మదింపులో మిగులు తేలడంతో 2024 ఏప్రిల్ నుంచి పునరుద్ధరించారు. లోటు అంకె ఎంత ఊహలపై ఆధారపడుతుందో దీనివల్ల తెలుస్తుంది.

మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి కేంద్ర ఉద్యోగులకు ఏకీకృత పింఛను పథకం వచ్చింది. 25 ఏళ్ల సర్వీసుకు చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం. దానిపై కరవు ఉపశమనం. మార్కెట్ నష్టభయం ఉద్యోగి ఒక్కడే మోయరాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది. కాని ఆలస్యంగా చేరే అధ్యాపకులకు 25 ఏళ్ల నిబంధన అందని ద్రాక్షే.

7. ముగింపు

పాత విధానానికి యథాతథంగా మరలాలని నేను అనను. బీడీ కార్మికురాలికి ఆసరా పింఛను 2,016 రూపాయలుగా ఉన్న జిల్లాల్లో నిలబడి ఆ మాట అనడం అంత తేలిక కాదు. కాని మూడు సవరణలు అవసరం: కరవు ఉపశమనంతో కూడిన కనీస పింఛను హామీ, కాంట్రాక్టు కాలానికి గుర్తింపు, పింఛను నిధిని బోధన గ్రాంటు నుంచి వేరుచేయడం. వృద్ధాప్య భద్రత చేరిన తేదీని బట్టి కాక చేసిన పనిని బట్టి ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సి.పి.ఎస్.లో ధరల పెరుగుదల నష్టభయాన్ని ఎవరు భరిస్తారు? ఎందుకు?
2. 12,000, 50,000 అంకెల పోలికలోని లోపమేమిటి?
3. మీకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి పింఛను ఏ విధానానికి చెందుతుందో తెలుసుకొని, దాని గుణదోషాలను చర్చించండి.