వారానికి రెండు రోజులు

డిగ్రీ ఆఖరి సెమిస్టరు పరీక్షలు అయిపోతూనే మా ఆఫీసుకు పిల్లల రాక మొదలవుతుంది. కర్నూలు జిల్లా కోడుమూరులో మేం నడిపేది చిన్న స్వచ్ఛంద సంస్థ. బడి మానేసిన పిల్లలు, సుగ్గికి, అంటే వలస కూలికి, పోయిన కుటుంబాలు, పింఛను ఆగిపోయిన ముసలివాళ్లు, వీళ్లతోనే మా పని. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థులు ఫీల్డ్ వర్కుకు మా దగ్గరికి వస్తుంటారు కాబట్టి ఆ చదువు గుట్టంతా నాకు తెలుసని ఊళ్లో ఒక నమ్మకం. “సార్, యాడ చేరితే బాగుంటాది? ఎంతవుతాది?” అని అడుగుతారు. మొదటి ప్రశ్న పిల్లలది, రెండోది వాళ్ల నాయనలది.

రెండింటికీ నేను తిరిగి అడిగేది ఒకటే. వారానికి రెండు రోజులు మిమ్మల్ని ఏ ఊరికి పంపుతారు, ఎవరి చేతికింద పంపుతారు? ఇది ప్రాస్పెక్టస్‌లో ఉండదు. వెబ్‌సైటులో భవనం ఫోటో ఉంటుంది, వైస్ ఛాన్సలర్ సందేశం ఉంటుంది, ఇది మాత్రం ఉండదు.

ఎమ్మెస్‌డబ్ల్యూలో ఏ డిగ్రీ చదివినవాళ్లైనా చేరవచ్చు. రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. తరగతిలో కేస్ వర్క్, గ్రూప్ వర్క్, సమాజ సంఘటన, పరిశోధన, సంక్షేమ పాలన చెబుతారు. మిగతాదంతా బయటే. సాధారణంగా వారంలో రెండు రోజులు, పదిహేను గంటలు ఫీల్డ్‌లో ఉండాలి. దానికితోడు గ్రామీణ క్యాంపు, కోర్సు చివర ఏదైనా సంస్థలో కొన్ని వారాల బ్లాక్ ప్లేస్‌మెంటు. ఈ పద్ధతి సోషల్ వర్క్ చదువు పుట్టినప్పటి నుంచీ ఉంది. క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ 1926లో బొంబాయి నాగ్‌పాడాలో, కూలీల బస్తీ మధ్యన, ఒక సేవాకేంద్రం పెట్టాడు. పదేళ్ల తర్వాత, 1936లో, దొరాబ్జీ టాటా ట్రస్టు డబ్బుతో దేశంలో మొదటి సోషల్ వర్క్ కళాశాల తెరిచినప్పుడు ఆయన్నే తొలి డైరెక్టరుగా పెట్టుకున్నారు. ఈనాటి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అదే. ముందు బస్తీ వచ్చింది, తర్వాతే బడి వచ్చింది.

మా దగ్గర చూసిన సంగతి ఒకటి చెబుతాను. ఒక పిల్లవాడు ఫిబ్రవరిలో పడమటి పల్లె ఒకదానికి కుటుంబాల సర్వేకని పోయి, మధ్యాహ్నానికే వెనక్కి వచ్చాడు. “ఎవురూ లేరు సార్, సగం ఇండ్లకు తాళాలే” అన్నాడు. మిరప కోతలకు గుంటూరు వైపు పోయి ఉంటారు. మా ప్రాంతంలో ఫిబ్రవరి అంటే అంతే. ఆ వారం అతని కాలేజీ నుంచి మేడమ్ వచ్చారు. ఫారాలు ఖాళీగా ఉన్నాయని కోప్పడలేదు. “తాళం వేసిన ఇండ్లనే లెక్కపెట్టు నాయనా. పక్కింట్లో అడుగు. ముసలామె ఉండిపోయిందా, ఆమెకు బియ్యం ఎవరు తెస్తున్నారు, పిల్లల్ని వెంట తీసుకుపోయినారా, సీజనల్ హాస్టల్లో పేరు రాయించినారా, రాయించకపోతే ఎందుకు రాయించలేదు” అన్నారు. తరువాతి వారం పిల్లవాడు మళ్లీ పోయాడు. హాస్టల్ ఉందని తెలిసీ పిల్లను వెంట తీసుకుపోయిన ఒక తల్లి గురించి రాసుకొచ్చాడు. పదమూడేళ్ల ఆడపిల్లను రాత్రిపూట వదిలిపోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. అక్కడ చూసుకునే ఆడమనిషి ఎవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క పేజీ మా ఫైళ్లలో ఏళ్లుగా ఉన్న “తల్లిదండ్రుల్లో అవగాహన లేమి” అన్న మాట కంటే ఎక్కువ చెప్పింది.

ఇంకో రకం కూడా వస్తుంది. ఏడాది చివర ఒక వాట్సాప్ కబురు. “సార్, రిపోర్టు మీద మీ స్టాంపు, సంతకం కావాల.” ఆ కాలేజీ నుంచి ఒక్క అధ్యాపకుడూ మా గడప తొక్కి ఉండడు. రిపోర్టులో బ్యానర్ పట్టుకున్న ఫోటో, కింద “గ్రామంలో అవగాహన సదస్సు నిర్వహించడమైనది”. పోయిన ఏడాది సీనియర్ రిపోర్టులోని ఊరి పేరు తీసి ఈ ఏడాది ఊరి పేరు పెట్టి ఉంటారు. జనాభా అంకెలు మాత్రం అవే. డిగ్రీ ఇద్దరికీ ఒకటే వస్తుంది. కాబట్టి చేరాలనుకున్న కాలేజీ సీనియర్‌ను పట్టుకుని, పోయిన నెల ఫీల్డ్ డైరీ ఒకసారి చూపించమని అడగండి. మేడమ్ ఎర్ర సిరాతో రాసిన ప్రశ్నలు ఉంటే చేరవచ్చు. ఉత్త టిక్కులే ఉంటే ఆలోచించుకోవాలి.

ఇక ఎక్కడ అన్న మాట. మాకు దగ్గర్లో అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉంది. ఆడపిల్లలకైతే 1983లో పుట్టిన తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉంది. విశాఖలో ఆంధ్రా, అటు తెలంగాణలో ఉస్మానియా, కాకతీయ, హైదరాబాదులో రోడా మిస్త్రీ కాలేజీ. మన రాష్ట్రంలో సీటుకు పీజీసెట్, అక్కడ సీపీగెట్. టిస్‌కైతే సీయూఈటీ పీజీ. టిస్ అనగానే అందరూ ముంబై అంటారు గానీ, నా కన్నెప్పుడూ 1986లో మొదలైన వాళ్ల తుల్జాపూర్ క్యాంపస్ మీదే. మరాఠ్వాడా కరువు నేల అది. మంత్రాలయం రోడ్డులో రైలెక్కితే షోలాపూర్, అక్కడి నుంచి బస్సు. మన మెట్ట పొలాల్లాంటి పొలాల మధ్య పని నేర్చుకోవాలంటే ముంబై కంటే అదే మేలు. అనంతపురానికీ అటువంటి అనుకూలమే ఉంది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) పని ఆ జిల్లా పల్లెల్లో అర్ధ శతాబ్దానికి పైగా సాగింది. విద్యార్థి చూసి నేర్చుకోదగింది చుట్టూ కావలసినంత ఉంది.

స్పెషలైజేషన్ దగ్గర కాస్త ఆగాలి. చాలా చోట్ల ఎమ్మెస్‌డబ్ల్యూలో హెచ్ఆర్ ఒక దారి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదువందలు, ఆపైన కార్మికులున్న చోట సంక్షేమ అధికారి ఉండాలన్నది, ఆ కొలువుకు ఈ డిగ్రీ పనికొచ్చింది. అలా ఆ దారి పడింది. ఉద్యోగం కోసం దాన్ని పట్టుకోవడంలో తప్పేమీ లేదు. అయితే హెచ్ఆర్ చదివే ఉద్దేశంతో వచ్చి, ఫీల్డ్ వర్కుకని కోడుమూరు ఎండలో తిరుగుతూ నన్ను తిట్టుకునే పిల్లల్ని చూశాను. వాళ్లకూ బాధే, మాకూ బాధే.

డబ్బు దగ్గరికి వస్తాను. ఫీజు ఒక్కటే అడిగి ఊరుకునే నాయనలకు నేను చెప్పేది, ఫీజు కంటే ముందు ఆ సీటు ఎలాంటిదో అడగమని. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేసింది, యూనివర్సిటీ కాలేజీల వాళ్లకు ఉంచింది. దాని మీద విద్యార్థి సంఘాలు ఏళ్ల తరబడి రోడ్డెక్కాయి. ప్రభుత్వాలతో పాటు ఈ ఉత్తర్వులూ మారతాయి గనుక చేరేనాటి కాగితం కళ్లతో చూసుకోవాలి. యూనివర్సిటీలో కూడా రెగ్యులర్ సీటు వేరు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు వేరు. మెరిట్ లిస్టులో పేరు చూసుకున్న సంతోషంలో ఈ తేడా కనిపించదు, మొదటి చలానాలో కనిపిస్తుంది.

స్కాలర్‌షిప్ వస్తుందిలే అన్న ధీమాకు కూడా ఒక హద్దు ఉంది. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచీ ఉంది. అయినా 2018 ఫిబ్రవరిలో టిస్ విద్యార్థులు ముంబైలో, హైదరాబాదులో, తుల్జాపూర్‌లో, గువాహటిలో తరగతులు బహిష్కరించవలసి వచ్చింది. ఆ స్కాలర్‌షిప్ మీద ఆధారపడ్డవాళ్ల హాస్టలు, భోజనం ఖర్చులకు ఉన్న మినహాయింపు తీసేయడమే అందుకు కారణం. సామాజిక న్యాయం బోధించే చోటే అలా జరిగింది. డబ్బు ఎప్పటికైనా రావచ్చు. మెస్ బిల్లు మాత్రం నెలనెలా కట్టాలి.

ఇక ఏ పట్టికలోనూ కనపడని ఖర్చు ఆ రెండు రోజులది. ఊరికి పోవడం, రావడం, మధ్యాహ్నం బయట తిండి, క్యాంపుకు చందా, రిపోర్టు టైపింగు, బైండింగు. బ్లాక్ ప్లేస్‌మెంటుకు వేరే ఊరైతే అక్కడ గది అద్దె. ఆ పనికి జీతం ఉండదు. ఇంట్లో ఉంటే శనివారమో ఆదివారమో ఎక్కడైనా పనిచేసి నాలుగు రూపాయలు తెచ్చే పిల్లకు ఆ వీలూ తగ్గిపోతుంది. ఆస్ట్రేలియాలో సోషల్ వర్క్ డిగ్రీకి వెయ్యి గంటల ప్లేస్‌మెంటు చేయాలి. ఆ గంటల్లో పిల్లలు అద్దె కట్టలేక చదువు మానేస్తున్నారని అక్కడి ప్రభుత్వం 2025 జూలై నుంచి ఆదాయం తక్కువున్న విద్యార్థులకు వారానికి మూడు వందల పైచిలుకు డాలర్లు ఇస్తోంది. మన దగ్గర అలా ఆలోచించినవాళ్లు లేరు. అనుకోకుండా ఒక మేలు మాత్రం జరిగింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. రాష్ట్రంలో చదివే అమ్మాయికి ఫీల్డ్ వర్కు ఛార్జీ చాలావరకు తప్పినట్టే, బస్సు ఆగే చోటి నుంచి పల్లెకు ఆటో తప్ప. హైదరాబాదుకో తుల్జాపూరుకో పోతే ఈ ఆధార్ కార్డు పని చేయదు.

ఈ మధ్య ఒక అమ్మాయి, వాళ్ల నాయన వచ్చారు. నాలుగెకరాల మెట్ట, కరువు పని, కోడుమూరు మగ్గం పని కలిపి నడుస్తున్న ఇల్లు. అప్పు తీసుకోవడానికి నాయన సిద్ధంగా ఉన్నాడు. “బ్యాంకులో నాలుగు లచ్చల దాకా పొలం కాగితం అడగరంట గదా సార్?” నిజమే, అడగరు. గ్యారంటీ పథకంలో ఏడున్నర లక్షల దాకా కూడా హామీ లేకుండా ఇస్తారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి ఉంది గానీ, అది ప్రధానంగా ర్యాంకింగుల్లో ముందున్న సంస్థలకే. నేను కాగితం మీద లెక్క వేశాను. నాలుగు లక్షలు, పది శాతం వడ్డీ, పదేళ్లు. నెలకు సుమారు 5,300. ఏడున్నర లక్షలైతే దాదాపు 9,900. చదివే కాలంలో పేరుకున్న వడ్డీ కలపకుండానే ఇది. ఇంకోవైపు, జిల్లా బాలల సంరక్షణ విభాగంలో సోషల్ వర్కర్ పోస్టు, కాంట్రాక్టు మీద, నెలకు 18,536 రూపాయలు. దానికి డిగ్రీ చాలు. పీజీ పనికొచ్చే ప్రొటెక్షన్ ఆఫీసరుకు 27,804. ఆ పోస్టులు జిల్లాకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

నాయన ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. “అంటే రెండేళ్లు సదివి, ఆ తొమ్మిది వేల కోసమా?” అన్నాడు.

“తొమ్మిది వేలు రాకపోయినా చేరుతుందా అని పాపను అడగన్నా. చేరతానంటే అప్పు లేకుండా చేరే చోటే చేర్పించు” అన్నాను. ఇది కటువుగా ఉంటుందని తెలుసు. ముంబై పేరు గొప్పది, ఆ పేరు వల్ల తలుపులు తెరుచుకుంటాయి, కాదనను. అప్పు నెత్తిన పెట్టుకుని ఆ తలుపుల్లోంచి పోయినవాళ్లు చాలామంది నేరుగా కార్పొరేటు కంపెనీల సీఎస్ఆర్ విభాగాల్లోకి పోతారు. వాయిదా కట్టాలి కదా, వాళ్లను నేను తప్పుపట్టను. కోసిగికో ఆలూరుకో వచ్చి పనిచేసేవాళ్లు ఎక్కువగా అప్పు లేకుండా అనంతపురంలోనో తిరుపతిలోనో చదివినవాళ్లు.

అమ్మాయి అంతసేపూ మాట్లాడలేదు. పోయేముందు మాత్రం, తిరుపతిలో చదివే సీనియర్ నంబరు ఉంటే ఇవ్వమంది. ఫీల్డ్ డైరీ ఫోటో తీసి పంపమని అడుగుతుందట. పీజీసెట్ దరఖాస్తు ఆ సాయంత్రమే పెట్టింది. నాయన బ్యాంకుకు పోవడం మానలేదు. మేనేజరుతో ఒకసారి మాట్లాడి వస్తే పోయేదేముందని.