యారాడ కొండ మీది దీపం

విశాఖపట్నం ఓడరేవు 1933లో మొదలైంది. తీరం వెంబడి ఉత్తరానికి కొట్టుకుపోయే ఇసుక రేవు నోటిని పూడ్చేయకుండా చూడటం ఇంజినీర్లకు పెద్ద చిక్కు. అందుకు రెండు పాత ఓడలను యారాడ కొండ పాదం దగ్గర ముంచి, వాటినే అలలకు అడ్డుకట్ట చేశారు. ఆ కొండనే నావికులు డాల్ఫిన్ నోస్ అంటారు. దాని మీద ఇప్పుడున్న దీపస్తంభం 1957 నాటిది.

భూమి గుండ్రం కాబట్టి దీపం ఎంత ప్రకాశవంతమైనా కింద ఉంటే లాభం లేదు. సముద్రమట్టానికి 100 మీటర్ల పైనున్న దీపం, 9 మీటర్ల ఎత్తున నిలబడ్డ నావికుడికి దాదాపు 50 కిలోమీటర్ల వరకూ కనిపిస్తుంది. విశాఖలో ఈ ఎత్తు చాలావరకు కొండే ఇచ్చింది. ఇక్కడి వెలుగు 64 కిలోమీటర్ల దాకా కనిపిస్తుందని చెబుతారు.

నన్ను అడిగితే, దీపస్తంభంలో దీపం కన్నా గాజుదే గొప్ప. మామూలు దీపం వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. దాన్ని ఒక్క పుంజంగా చేయాలంటే పెద్ద కటకం కావాలి. అంత మందపు గాజు బరువెక్కుతుంది, వెలుగునూ మింగేస్తుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫ్రెనెల్ 1820లలో దీనికి ఉపాయం చూపాడు. వెలుగును వంచేది కటకం ఉపరితలపు వంపే కాబట్టి లోపలి మందాన్ని తీసేయవచ్చు. కోసిన ఉల్లిపాయలో పొరల్లా మధ్య కటకం చుట్టూ గాజు వలయాలు అమర్చాడు. పైకీ కిందికీ పోయే కిరణాలను అంచుల్లోని పట్టకాలు పట్టి సముద్రం వైపు తిప్పుతాయి. ఒక్కో వలయానికి ఒక్కో కోణం. ఎక్కడ ఏ కాస్త తేడా వచ్చినా ఆ మేరకు వెలుగు ఆకాశం పాలే!

ఇలాంటి దీపం ఆరి వెలగదు. దాని చుట్టూ కటకమే తిరుగుతుంది. పుంజం ఓడను తాకినప్పుడల్లా నావికుడికి మెరుపు కనిపిస్తుంది. పెద్ద కటకాలు టన్నుల బరువు ఉండేవి. వాటిని పాదరసపు తొట్టిలో తేలించేవారు. అప్పుడు వేలితో నెట్టినా కదిలేవి. మెరుపుల వరసను, వాటి మధ్య వ్యవధిని నావికుల పటాల్లో రాసి ఉంచుతారు. చుట్టుపక్కల దీపాల వరస ఒకేలా ఉండనివ్వరు. ఉత్తరాన సంతపిల్లి రాళ్ల గురించి ఓడలను హెచ్చరించడానికి 1847లో వెలిగించిన దీపాన్ని, యారాడ కొండ మీది దీపాన్ని కెప్టెన్ పొరబడకుండా గుర్తుపట్టేది ఈ లెక్కతోనే.

రేవు దగ్గరికి వచ్చాక పెద్ద దీపం పని తీరిపోతుంది. లోపలికి వచ్చే ఓడకు ఎడమ పక్క ఎర్ర దీపాలు, కుడి పక్క పచ్చ దీపాలు దారి చూపుతాయి.

ఈసారి చీకటి పడ్డాక రామకృష్ణా బీచ్‌కి వెళితే, కొండ వైపు తిరిగి మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లో వాచీ చూసి లెక్కపెట్టండి.