దిండు ఆరిందా?

మన ఇళ్లల్లో గలీబులు వారం వారం ఉతుకుతాం. దిండు మాత్రం కొన్నప్పటి నుంచి పారేసేదాకా నీళ్ల మొహం చూడదు. ఇది బద్ధకం కాదు, దూది నేర్పిన అలవాటు. పత్తి దిండును నీళ్లలో ముంచితే లోపల ఉండలు కట్టి గట్టిపడిపోతుంది, ఆరేలోపే కంపు పట్టుకుంటుంది. బూరుగు దూది అయితే మరీ సుకుమారం. అందుకే పెద్దవాళ్లు దిండ్లను ఎండలో పడేసేవారు, కర్రతో బాది దుమ్ము రాల్చేవారు, కొన్నేళ్లకోసారి దూది ఏకేవాళ్లను పిలిపించి, కుట్లు విప్పించి, ఏకించి మళ్లీ నింపించేవారు. అరుగు మీద విల్లు నారి మోగుతున్నంతసేపూ వీధంతా నూగు ఎగిరేది. పిల్లలకు తుమ్ములు, పెద్దలకు విసుగు.

ఆ విల్లు ఇప్పుడు వినిపించడం లేదు. బజార్లో దొరికే దిండ్లలో చాలావాటి లోపల ఉన్నది పాలియెస్టర్ పీచు. దుకాణంవాళ్లు ఫైబర్ దిండు అంటారు, రెక్రాన్ అంటారు, కాస్త ఖరీదైనదైతే మైక్రోఫైబర్ అంటారు. దిండు మారిపోయింది, అలవాటు మారలేదు. ఉతకడానికి వీలుగా పుట్టిన దిండును కూడా ఉతక్కూడని దిండులాగే వాడుతున్నాం.

కథల్లో రాజకుమార్తెలు హంసతూలికా తల్పం మీద పడుకుంటారు. చలిదేశాల్లో బాతుల మెడ కింద, పొట్ట మీద ఉండే మెత్తటి నూగుతో నిజంగానే దిండ్లు కుడతారు. దానికి నకలు ఈ మైక్రోఫైబర్. 1980లలో అమెరికా సైన్యం, తడిసినా వెచ్చదనం పోని నూగు కావాలని అడిగితే ఆల్బనీ ఇంటర్నేషనల్ అనే కంపెనీ ప్రిమాలాఫ్ట్ తయారుచేసింది. మన దిండ్లలో ఉండేది అంత గొప్ప సరుకు కాకపోయినా కిటుకు ఆ కోవదే. 9000 మీటర్ల పోగు ఒక గ్రాము తూగితే దాన్ని ఒక డెనియర్ అంటారు. మైక్రోఫైబర్ అంతకంటే సన్నం. మామూలు ఫైబర్ దిండ్లలో పోగు కాస్త లావుగా ఉన్నా, మధ్యలో బోలుగా, ఉంగరాలు తిరిగి ఉంటుంది. ఒకదాని మీద ఒకటి జారడానికి సిలికాన్ పూత పూస్తారు. చేత్తో నొక్కి వదిలితే దిండు మళ్లీ పొంగేది ఆ ఉంగరాల వల్ల, ఆ జారుడు వల్ల.

ఈ పీచుకు నీళ్లంటే గిట్టదు. మామూలు గాలిలో పత్తి తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. నూనె సంగతి వేరు, దాన్ని మాత్రం వదలదు. మన తలలకూ పాలియెస్టర్‌కూ తగువు అక్కడే. రాత్రి కొబ్బరినూనె పట్టించి జడ వేసుకుని పడుకునే ఇంట్లో, గలీబు దాటి, లోపలి గుడ్డ దాటి నూనె పీచులోకి దిగుతుంది. దాని మీద చెమట, దాని మీద దుమ్ము. గలీబు తీసి చూస్తే నడుమ అరచేయంత మేర పసుపుపచ్చ మరక, అంచుల్లో గోధుమరంగు చార. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నూనెసీసా మూత వాసన. మామూలు సబ్బుపొడి చల్లి తిప్పేస్తే ఈ జిడ్డు కదలదు. గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు మరక మీద వేసి, మెత్తటి బ్రష్షుతో రుద్ది, ఓ పావుగంట ఆగాలి. అంతకంటే ఎక్కువ వేస్తే నురగతో చచ్చే చావు.

ఉతుకుడు గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. ముందు కుట్లు చూసుకోవాలి. ఎక్కడైనా నోరు తెరుచుకుని ఉంటే కుట్టేయాలి, లేకపోతే డ్రమ్ము నిండా పీచే. మెషీన్‌లో ఒంటి దిండు వేస్తే స్పిన్‌లో బరువంతా ఒక పక్కకు చేరి మెషీన్ గది దాటి వచ్చేలా ఎగురుతుంది, అందుకని రెండు కలిపి వేయాలి. గోరువెచ్చటి నీళ్లు చాలు. దుమ్ములో ఉండే సన్నటి పురుగులు కూడా చావాలంటే 60 డిగ్రీలు కావాలి, లేబుల్ మీద అంత వేడి రాసి ఉంటేనే ఆ పని. సబ్బు సగానికి సగం తగ్గించి, జాడింపు ఒకటి ఎక్కువ పెట్టుకోవాలి. టబ్బులో ఉతికేవాళ్లు రెండు చేతులతో అదమాలి తప్ప దుప్పటిలా మెలితిప్పి పిండకూడదు. మెలి పడితే లోపలి పీచంతా ఒక మూలకు చేరుతుంది. ఇక మెమరీ ఫోమ్ దిండును నీళ్ల దగ్గరకే తీసుకెళ్లొద్దు, తడిస్తే అది ముక్కలుగా ఊడుతుంది.

అసలు పని ఇక్కడి నుంచి మొదలవుతుంది. పీచు నీళ్లు తాగదు నిజమే, కానీ లక్షల పోగుల మధ్య సందుల్లో నీళ్లు చిక్కుకుంటాయి. ఎండ తగిలిన పైగుడ్డ గంటలో ఫెళఫెళలాడుతుంది. అరచేయి పెడితే వెచ్చగా, పొడిగా ఉంటుంది. నడిమధ్యన మాత్రం తడి అలాగే కూర్చుని ఉంటుంది. మా విశాఖలో ఇది మరీ మోసం. ఎండ మాడుస్తున్నా సముద్రపు గాలిలో తేమ తగ్గదు. అదే పని హైదరాబాద్‌లో మా అక్క డాబా మీద సాయంత్రానికి అయిపోతుంది. తడి దిండుకు గలీబు తొడిగి పక్క మీద వేస్తే కొద్దిరోజుల్లో ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. సబ్బు వాసన తగ్గుతున్న కొద్దీ అది పైకి వస్తుంది.

వాసన ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. 2006లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడాదిన్నర నుంచి ఇరవయ్యేళ్ల దాకా వాడిన దిండ్లు తీసుకుని పరీక్షిస్తే, ఒక్కో దిండులో 4 నుంచి 16 రకాల బూజు కనిపించింది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బంది పెట్టే ఆస్పర్‌జిల్లస్ ఫ్యుమిగేటస్ అనే రకం ఈకల దిండ్లలో కన్నా సింథటిక్ వాటిలోనే ఎక్కువ. ఆ పాలియెస్టర్ పోగు పుట్టింది కూడా ఓ మాంచెస్టర్ కంపెనీ చేతుల్లోనే అనుకోండి. అక్కడి కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసిన విన్‌ఫీల్డ్, డిక్సన్‌లు 1941లో కనిపెట్టారు. మన నాన్నలు మురిసిపోయి కుట్టించుకున్న టెరిలిన్ చొక్కాలు వాళ్ల చలవే.

ఆరిందో లేదో చెప్పడానికి చేతిని నమ్మడం మానేశాను, తూకాన్ని నమ్ముతున్నాను. అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక కొక్కెం తూకం ఉంటుంది, సూట్‌కేసు 23 కిలోలు దాటిందా అని చూసుకోవడానికి. పచ్చళ్లు, పొడులు సర్దిన నాలుగు రోజులు తప్ప మిగతా ఏడాదంతా దానికి పని ఉండదు. ఉతకబోయే ముందు దిండును ఒక సంచిలో వేసి దానికి తగిలిస్తాను. మావి 800 గ్రాముల చిల్లర. స్పిన్ నుంచి తీస్తే కిలోన్నర దాటుతుంది. పీచు తనంతట తాను తేమ పీల్చుకోదు కాబట్టి, పూర్తిగా ఆరిన దిండు మొదటి బరువుకే వచ్చి తీరాలి. మురికి పోయినందుకు ఓ పిసరు తగ్గినా తగ్గొచ్చు. 900 చూపించిందంటే, చేతికి ఎంత పొడిగా తగిలినా సరే, దిండు మళ్లీ డాబా ఎక్కాల్సిందే.

డాబా మీద తీగకు వేలాడదీయకూడదు, పీచు కిందికి జారిపోతుంది. నవారు మంచం మీదో, ప్లాస్టిక్ కుర్చీలు రెండు ఎదురెదురుగా వేసో, అడుగు నుంచి కూడా గాలి ఆడేలా పడుకోబెట్టాలి. గంటకోసారి తిరగేయాలి. తిరగేసినప్పుడల్లా గుడ్డ పైనుంచే వేళ్లతో తడిమితే ఉండలు తగులుతాయి. ఉండ ఉన్నచోటే తడి ఉంటుంది. రెండు చేతుల బొటనవేళ్లతో ఉండను చెరో పక్కకూ లాగి, చింతపండులో పీచు విడదీసినట్టు విడదీయాలి. వేలికి చల్లగా తగిలిన చోట ఇంకా పని ఉన్నట్టు. ఇది కూర్చుని చేసే పని, ఫోన్‌లో పాటలు పెట్టుకుంటే సాగిపోతుంది. పొద్దు వాలకముందే కిందికి తెచ్చి ఫ్యాను కింద పెట్టి, మర్నాడు మళ్లీ పైకి. ఈ ఊళ్లో ఒక్కరోజులో అయ్యే ముచ్చట కాదు. అందుకే మా ఇంట్లో ఈ పని వేసవిలోనే. రోహిణి కార్తెలో ఊరంతా ఎండను తిడుతుంటే నేను దిండ్లు తడుపుతుంటాను. మృగశిర వచ్చిందంటే ఇక ఆ మాట ఎత్తను.

డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచుకు ఈ కార్తెల లెక్క లేదు, డ్రయ్యర్ ఉంది. దానికీ ఓ తంటా ఉంది. తొందరకొద్దీ వేడి పూర్తిగా పెంచేస్తే పాలియెస్టర్‌కు పడదు. కరగడం 250 డిగ్రీలు దాటాకే గానీ, 70, 80 మధ్యే దాని బిగువు సడలుతుంది. ఆ వేడిలో అణిగిన పీచు చల్లారాక అలాగే అణిగి ఉండిపోతుంది. టెరిలిన్ ప్యాంటుకు ఒకసారి పడ్డ ఇస్త్రీ మడత ఏళ్లతరబడి నిలిచేది కూడా ఈ గుణం వల్లే. అందుకని తక్కువ వేడి, ఎక్కువసేపు. శుభ్రమైన టెన్నిస్ బంతులు రెండు లోపల వేస్తే అవి ఎగిరెగిరి కొడుతూ ఉండలు విడగొడతాయి. మొన్న వీడియో కాల్‌లో దిండును చెంపకు ఆనించుకుని చూపించింది.

"వేడిగా, పొడిగా ఉంది వదినా, ఆరిపోయినట్టే."

"తూచావా?"

"దిండుని తూచడమేంటి వదినా!"

"డ్రయ్యర్‌లోంచి తీసిన వేడి మీద ఏదైనా పొడిగానే ఉంటుంది. ఓ గంట చల్లారనిచ్చి, అప్పుడు తూచి చెప్పు."

చెప్పలేదు. మరో రెండు విడతలు తిప్పిందని మా ఆయనకు మెసేజ్ వచ్చింది.

ఎంత బాగా ఉతికినా, ఎంత ఓపిగ్గా ఆరబెట్టినా కొన్ని దిండ్లు లేవవు. నడిమికి మడిచి వదిలితే టక్కున విచ్చుకోవాలి. మడిచింది మడిచినట్టే పడి ఉంటే ఉంగరాలు చచ్చిపోయాయి, సిలికాన్ పూత పోయింది, దానికిక ఉతుకుడు దండగ. అలాంటివాటి కుట్టు విప్పి, పీచు తీసి, మా ఉయ్యాలబల్ల పరుపులోకి కూరించాను. తొడుగు కుట్టిన దర్జీ జిప్పు ఎందుకండీ, కుట్టేస్తే సరిపోతుందిగా అన్నాడు. రేపు దాన్నీ ఉతకాలి కదా నాయనా అని జిప్పు పెట్టించాను.