ముందు వినాలి

గీదం కూడలిలో మూడు దారులు కలుస్తాయి. ఒకటి జగదల్‌పూర్ నుంచి వస్తుంది. ఒకటి దంతెవాడ మీదుగా బైలదిల్లా ఇనుప గనులకు పోతుంది. మూడోది బీజాపూర్, భోపాలపట్నం దాటి తెలంగాణలో దిగుతుంది. లారీలు ఆగే ఊరు కాబట్టి మెకానిక్ షెడ్లకు కొదవ లేదు. మొన్న మేం వెళ్తున్న జీపు మూలుగుతుంటే అలాంటి ఒక షెడ్డులో రెండు గంటలు కూర్చున్నాను.

మేస్త్రి శ్రీకాకుళం వైపు మనిషి. ఖాకీ చొక్కా, మోచేతుల దాకా గ్రీజు. బానెట్ ఎత్తాడు గానీ పానా ముట్టుకోలేదు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మొన జరుపుతూ ఒక్కో చోటా అలాగే విన్నాడు. నేను తొందరపడితే, "ముందు ఇనాల బాబూ, ఇప్పడం ఎంతసేపు!" అన్నాడు.

ఆ ఖాకీ, ఆ చెవి చూస్తుంటే నాకు దర్శకుడు కె. విశ్వనాథ్ గుర్తొచ్చారు.

రేపల్లె దగ్గర పెదపులివర్రులో 1930లో పుట్టిన ఆయన సినిమాల్లోకి వచ్చింది కెమెరా వైపు నుంచి కాదు, మద్రాసు వాహినీ స్టూడియో శబ్దగ్రహణ శాఖ నుంచి. ఎవరి గొంతు ఎక్కడ వణికిందో, ఏ మాట తేలిపోయిందో పట్టుకోవడమే అక్కడ పని. ఆ తర్వాత ఆదుర్తి సుబ్బారావు దగ్గర శిష్యరికం. దర్శకుడిగా మొదటి సినిమా ‘ఆత్మగౌరవం’ నాటికి వయసు 35 దాటింది. ‘శంకరాభరణం’ వచ్చిన 1980కి యాభై నిండుతున్నాయి. అన్నేళ్లూ ఆయన విన్నారనే నేననుకుంటాను.

ఆ వినికిడి సినిమాల్లో తెలుస్తుంది. ‘సిరిసిరిమువ్వ’లో నాయికకు మాట రాదు. ఆమె చెప్పదలచుకున్నదంతా మువ్వలే చెప్పాలి. ‘సిరివెన్నెల’లో వేణువు ఊదే అతనికి చూపు లేదు, బొమ్మలు గీసే ఆమెకు మాట లేదు. మాటలతో పని జరుపుకునే పరిశ్రమలో ఇలాంటి కథలు ఎత్తుకోవాలంటే నిశ్శబ్దం మీద ఎంత నమ్మకం ఉండాలి! ‘శంకరాభరణం’లో కూతురు స్వరం తప్పగానే "శారదా!" అని తండ్రి శాస్త్రి వేసే కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. చుట్టూ ఉన్నదంతా సద్దుమణిగి ఉంటుంది కాబట్టే ఆ ఒక్క మాట పిడుగులా పడుతుంది.

సెట్‌లో ఆయన వేసుకున్నవి ఖాకీ బట్టలు. తానూ అందరిలాంటి పనివాణ్ణేనన్న గుర్తు అది. అందుకేనేమో ‘స్వయంకృషి’లో చిరంజీవి చేత చెప్పులు కుట్టించినా ఎక్కడా జాలి పుట్టదు, ఆ పని మీద గౌరవం పుడుతుంది. తర్వాత దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం కూడా వచ్చింది. నా మనసులో మాత్రం ఆ ఖాకీయే నిలిచిపోయింది.

రాసే పనిలో ఉన్నవాణ్ణి, నాకూ ఇందులో పాఠం ఉంది. వాక్యం కుదరకపోతే వెంటనే కొట్టేసి ఇంకోటి రాసేవాణ్ణి. ఇప్పుడు పైకి చదివి, ఎక్కడ నలుగుతోందో వింటున్నాను. చాలాసార్లు తప్పు ఆ వాక్యంలో ఉండదు, దాని ముందు వాక్యంలో ఉంటుంది.

మేస్త్రి బిగింపులు పూర్తి చేశాడు. డ్రైవర్ డబ్బులు తీయబోతే చేత్తో వారించి, బండి స్టార్ట్ చెయ్యమన్నాడు. స్క్రూడ్రైవర్ పిడి మళ్లీ చెవికి చేరింది. షెడ్డులో అందరం మాటలు ఆపేశాం.