పార కిందికే లాగుతుంది

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పిల్లల పక్కన నిలబడి టీ తాగితే చదువు ఊరికే వస్తుంది. మంగళవారం వాన వెలిశాక, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ నుంచి వస్తూ ఆగాను. ఒక కుర్రాడు 'మృత్తికా క్రమక్షయం... పటల, అవనాళికా...' అని వల్లె వేస్తున్నాడు. ఇలాంటి పుస్తకాల మాటలు వింటే నాకు తిక్క. రైతు 'మట్టి కోసుకుపోయింది' అంటాడు. చాలదూ? పైగా క్షయమేమిటి, జబ్బులాగా! మట్టి చావదు, చోటు మారుతుందంతే. ఇంటిదాకా గొణుక్కున్నాను.

గొణుగుతుంటే అరకు గుర్తొచ్చింది. ఏళ్ల కిందట కిరండూల్ పాసింజర్లో వెళ్లాను. ఊరి పక్క కొండవాలు మీద పోడు, దాని కింద అడవి. మట్టిని దించేది వానేననుకునేవాణ్ని. అక్కడ ఒకాయన చినుకు లేని ఎండలో తవ్వుతున్నాడు. వాలు మీద నిలదొక్కుకోవాలంటే కొండవైపే మొహం పెట్టాలి. పార వేసి తన కాళ్ల వైపు లాక్కోవాలి. వేటు వేటుకీ మట్టి జానెడు కిందికి. నాగలితో దున్నినా, చాలు దిగువకి తిరగబడితే అంతే. వాన వచ్చి మిగతా పని చూసుకుంటుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పొర పోతే అయిదు టన్నుల పైమాటే. కంటికి మాత్రం ఆనదు.

చేను అంచున మొదటి వరస చెట్లకి ఎగువవైపు మట్టి మోకాలెత్తున పేరుకుంది. నాకు భలే ముచ్చటేసింది. 'మీ మట్టిని అడవి దాచిపెట్టింది' అన్నాను, ఏదో కనిపెట్టినవాడిలా.

ఆయన పార ఆపాడు. 'దాచిందేటి బాబూ, నాకు కాకుండా పోయింది. మొదలు కప్పడిపోతే చెట్టుకీ ఊపిరాడదు, చస్తాది.'

వాలుకి అడ్డంగా రాళ్ల గట్టు సగం పేర్చి ఉంది. ఏడాదికింత మట్టి ఆగి, దాని వెనక నేల మెల్లగా చదునవుతుందట. ఈలోగా కింది మట్టిని గంపతో పైకి మోసుకోవడమే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువు పూడిక ట్రాక్టర్లెక్కి చేలకు చేరింది చూశారూ, అదీ ఈ గంప పనే. కాకపోతే డీజిల్‌తో.

చేనుకి లేకుండా పోయి, చెట్టునీ చంపితే దాన్ని క్షయమనక ఏమంటాం? పుస్తకంవాళ్ల మాట నెగ్గిందని ఒప్పుకోవడం నాకేం సరదా కాదు. అయినా ఆ సంగతి కుర్రాడికి చెబుదామని మర్నాడు అదే టీకొట్టుకి వెళ్లాను. వాళ్లు అప్పటికే రాజ్యాంగ సవరణల్లో ఉన్నారు.