విశ్వం కథకు మాటలు: పెద్దపల్లి రాళ్ల సాక్ష్యం

శాస్త్ర విషయాలను తెలుగులో చెప్పేటప్పుడు మాటల ఎంపిక నిఘంటుకర్తల పని అని చాలామంది భావిస్తారు. మా అభిప్రాయం వేరు. ప్రతి మాటా పాఠకుని మనసులో ఒక బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మ తప్పయితే తర్వాత ఎంత వివరించినా పాఠం సరిగా నిలవదు. విశ్వం పుట్టుక, భూమి ఏర్పడిన తీరు అనే విషయాల్లో దీన్ని పరిశీలిద్దాం. కోలారు జిల్లాలో ఇంట తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడంలోనో ఇంగ్లీషులోనో చదివే విద్యార్థులే ఇక్కడ మా దృష్టిలో ఉన్నారు.

ముందుగా 'మహావిస్ఫోటం'. 'బిగ్ బ్యాంగ్'కు ఇది అనువాదం. ఆ ఆంగ్ల నామాన్ని 1949లో బీబీసీ రేడియో ప్రసంగంలో వాడినవాడు ఫ్రెడ్ హోయల్. ఆయన ఆ సిద్ధాంతాన్ని అంగీకరించినవాడు కాదు. మనవారు ఆ పేరును సంస్కృతంలోకి మార్చారు గాని బొమ్మను మార్చలేదు. కోరమండల్‌లోనో మారికుప్పంలోనో పెరిగినవారికి పేలుడంటే ఏమిటో చెప్పనక్కరలేదు. గనిలో మందు పెట్టి రాయిని పేల్చడం, లోతున ఒత్తిడికి రాయి తనంతట తానే పగిలి పైన ఇళ్లు అదరడం పెద్దల నోట విన్న సంగతులే. అలాంటి పేలుడుకు ఒక చోటు ఉంటుంది, దాని చుట్టూ ఖాళీ ఉంటుంది. సుమారు 1380 కోట్ల ఏళ్ల కిందట మొదలైన విశ్వవ్యాకోచానికి అవి లేవు. అక్కడ సాగింది చోటే; ఇప్పటికీ సాగుతూనే ఉంది. ఇడ్లీ పిండిలో నాలుగు మెంతిగింజలు వేశామనుకుందాం. పిండి పొంగేకొద్దీ ప్రతి గింజా మిగతావాటికి దూరమవుతుంది. గిన్నెను మరచిపోగలిగితే 'పొంగు' అన్న మాటే సత్యానికి దగ్గర.

నండూరి రామమోహనరావు (1927–2011) గారి 'విశ్వరూపం', 'నరావతారం' జనరంజక శాస్త్ర రచనకు చేసిన మేలు చిన్నది కాదు. మొదటిది విశ్వం కథ, రెండవది మానవ పరిణామ కథ. పురాణ పరిచయం గల పాఠకుణ్ణి ఆ పేర్లు చేయి పట్టి లోపలికి తీసుకువెళ్లాయి. అయినా ఒక మాట చెప్పక తప్పదు. విశ్వరూపం ముందే ఉన్నది కనబడడం. అవతారం పైనుంచి దిగిరావడం. శాస్త్రం చెప్పేది కాలక్రమాన మారుతూ వచ్చిన కథ. పేరు ఒకవైపు, విషయం మరొకవైపు లాగుతాయి. ఇది ఆ రచయిత లోపం కంటే మన భాషకు అలవాటైన దారి అనడం న్యాయం.

మరో దారి ఉందా? కోలారు బంగారు గనుల ప్రాంతంలో పెద్దపల్లి అనే ఊరుంది. పేరే తెలుగు. అక్కడి రాళ్లను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. ఈ రాళ్ల వయసు సుమారు 270 కోట్ల ఏళ్లు. నీటి అడుగున లావా పైకి ఉబికినప్పుడు దాని పైపొర వెంటనే గట్టిపడుతుంది. లోపల ఇంకా ద్రవంగా ఉన్నది పొరను చీల్చుకుని పక్కన మరో ఉబ్బుగా వస్తుంది. అలా దిండ్లు పేర్చినట్టు రాయి ఏర్పడుతుంది. అంటే ఆనాడు ఇక్కడ నీరుండేదన్నమాట. దీన్ని 'ఉపధాన శిల' అనడం కష్టం కాదు. కాని 'దిండు రాయి' అంటే చాలు, పిల్లవాడు బండను చూసి గుర్తుపడతాడు.

సంస్కృతమంతా వద్దని మేము అనడం లేదు. 'అగ్నిశిల' అనగానే పుట్టుక తెలుస్తుంది. 'అవక్షేపశిల' దగ్గర చదువరి ఆగిపోతాడు. పరాయి మాటే మేలైన చోట్లూ ఉన్నాయి. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా మౌలిక పరిశోధన సంస్థ, ఒసాకా, డర్హమ్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ పట్టారు. దాన్ని 'తటస్థకణం' అంటే న్యూట్రాన్‌తో కలగాపులగమవుతుంది. 1980లలో అదే గనిలో ప్రోటాన్ క్షయం కోసం వెదికారు. విశ్వం ఆరంభంలో పదార్థం ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకూ దానికీ సంబంధం ఉంది. ఆ క్షయం ఇంతవరకు ఎక్కడా రుజువు కాలేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. బతుకుతెరువు కోసం ఎందరో రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి వస్తున్నారు. రాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. వాటి కథ ఇంగ్లీషులోనే చెప్పగలిగితే తెలుగు పెళ్లిళ్లకూ పండుగలకూ మాత్రమే మిగులుతుంది. మా విద్యార్థులకు ఒక పని సూచిస్తాం. పెద్దపల్లి బండను ఒకసారి చూసి రండి. ఇంటికి వెళ్లి అది ఎలా ఏర్పడిందో మీ అవ్వకు చెప్పండి. ఎక్కడ మాట దొరక్క ఆగిపోయారో రాసుకురండి. మన పారిభాషిక పదాల పని అక్కడి నుంచి మొదలుపెడదాం.