గొంతులో పెద్దరికం: ‘మాయాబజార్’ వినిపించేటప్పుడు

మన పిల్లలకు చూపించే పాత సినిమాల్లో ‘మాయాబజార్’ (1957) ముందుంటుంది. ఈసారి మీరు దాన్ని చూపించకండి, ముందు వినిపించండి. తెర ఆపేసి రెండు నిమిషాల సన్నివేశం వినిపిస్తే, సగం మాటలు అర్థంకాని పిల్లలు కూడా ఎవరు పెద్దో, ఎవరు బంటో చాలావరకు పట్టేస్తారు.

పింగళి నాగేంద్రరావుగారి మాటల గురించి అందరం చెప్పుకుంటాం. వాటిని పలికిన తీరు గురించి అంతగా చెప్పుకోం. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు మాట చివర బరువు దించి ఆగుతారు. తనకెవరూ అడ్డురారన్న ధీమా ఆ ఆగడంలోనే ఉంది. లక్ష్మణకుమారుడిగా రేలంగి కూడా రాజకుమారుడే. కానీ ఆ గొంతు పక్కవాళ్ల మెప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది, అందుకే నవ్వొస్తుంది. ‘అహ నా పెళ్లియంట’ పాటలో సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు వస్తుంది. తెరమీద సావిత్రి రూపం మారదు. అయినా లోపలున్నది ఎవరో గొంతే చెప్పేస్తుంది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఎన్టీ రామారావు కృష్ణుడు. బలరాముడిగా గుమ్మడి గొంతు పెంచి శాసిస్తారు. కృష్ణుడు గొంతు పెంచడు, తొందరపడడు. చివరికి కథ నడిచేది ఎవరి మాట మీద? పెద్దరికం అరుపులో లేదు, నిదానంలో ఉందని ఇంతకన్నా తేలిగ్గా పిల్లలకు చెప్పలేం.

అయితే ఈ సినిమాకు ఒక హద్దుంది. ఇందులో వినిపించేది ఎక్కువగా కొలువుల్లో పలికే గొంతు, నాటకపు పలుకు. మన ఇళ్లలో మర్యాద వేరేలా పలుకుతుంది. ఆ ఖాళీ మనమే పూరించాలి.

ఎందుకంటారా? ఒకసారి నా తరగతికి ఇండియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వచ్చారు. తొమ్మిదేళ్ల పాప కుర్చీ చూపించి, “ఇక్కడ కూర్చోండి” అంది. ‘అండి’ ఉంది, వ్యాకరణంలో తప్పు లేదు. కానీ ఇంగ్లీషు పద్ధతిలో ముక్కలుగా, చివర తెంచేసి పలికింది. “పిల్ల నాకే ఆర్డరేస్తోందే!” అన్నారావిడ, నవ్వుతూనే. పాప మాత్రం ఆ తర్వాత చాలా వారాలు తెలుగులో నోరు విప్పలేదు. తప్పు నాదే. నేను ‘అండి’ నేర్పాను, దాన్ని సాగదీసే తీరు నేర్పలేదు.

అందుకని వినడం అయ్యాక ఒకే మాట ఇవ్వండి: “ఇటు రండి.” గుమ్మంలో చుట్టాన్ని పిలిచినట్టు ఒకసారి, ఆఫీసులో బంట్రోతు పిలిచినట్టు ఒకసారి, పోలీసు పిలిచినట్టు ఒకసారి అనిపించండి. మిగతావాళ్లు కళ్లు మూసుకుని ఎవరో చెప్పాలి. తప్పు పలికితే నవ్వనివ్వకండి.

తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పండి. పిల్లల గొంతులో వినిపించేది పొగరు కాదు, ఇంకా అలవాటుకాని రాగం అంతే.